వదిన పెట్టిన నియమం

మా వదిన లైబ్రరీలో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. పుస్తకాలు ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం, గట్టిగా మాట్లాడేవాళ్ల వంక కళ్లద్దాల పైనుంచి చూడటం ఆమె ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చాక ఇంకో పని, జీతం లేనిది. ఆ కౌంటరులో నడిచే సాఫ్ట్‌వేరు ఎవరి సొత్తూ కాదు. తలా ఒక దేశంలో ఉన్న మేం కొందరం తీరిక వేళల్లో రాసి, ఉచితంగా వదిలేశాం. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్పులు పంపవచ్చు. నేను కోడు రాస్తాను. వదిన మా చర్చావేదికలో గొడవలు తీరుస్తుంది. నేను వదినా అనడం చూసి అందరూ అలాగే పిలవసాగారు. అదేదో పదవి అనుకున్నవాళ్లూ ఉన్నారు. పోనీలే అని ఊరుకున్నాను.

ఒకప్పుడు ఎన్నికలొస్తే చాలు, ఆ వేదిక సంతలా తయారయ్యేది. విసిగిపోయి వదిన నియమం పెట్టింది. మర్యాదగా మాట్లాడాలి. రాజకీయాలు గుమ్మం బయటే వదిలి రావాలి. తప్పినవాళ్ల మాట మేమిద్దరం ఒప్పుకుంటే తీసేస్తాం, మనిషిని నెల పాటు బయట పెడతాం. తన పర భేదం లేదు. మా పార్టీ గెలిచిందని నేను రాసుకున్న రెండు ముక్కలూ నా చేతే తీయించింది. "మరిదివైతే కొమ్ములు మొలిచాయా?" అంది. ఒళ్లు మండింది గానీ, వేదిక ప్రశాంతంగా ఉన్న మాట నిజం.

మాకు ఇంకో పద్ధతి ఉంది. వచ్చిన మార్పును వారం పాటు అందరి ముందూ ఉంచుతాం. ఒక్క అభ్యంతరం నిలబడినా ఆపేస్తాం. లేదంటే కలిపేస్తాం.

ఒకసారి ఏదో దేశపు ప్రభుత్వ శాఖ ఓ మార్పు పంపింది. అప్పటిదాకా పుస్తకం తిరిగివ్వగానే పాఠకుడి పేరు చెరిగిపోయేది. ఇకమీదట చెరపకుండా, ఎవరు ఏం చదివారో దాచి ఉంచాలట. ఎంత వినయంగా రాశారనీ! నమస్కారాలు, కృతజ్ఞతలు, శ్రమ ఇస్తున్నందుకు క్షమాపణలు.

దాని కింద గడ్డం విరుచుకుపడ్డాడు. మా సాఫ్ట్‌వేరులో పుస్తకాలు వెతికే భాగమంతా రాసింది అతనే. ఫొటోలో గడ్డం తప్ప ఏమీ కనిపించదు కాబట్టి ఆ పేరు. "సిగ్గుందా మీకు? ఇది జనాన్ని సర్కారుకి పట్టివ్వడం. మా ఊళ్లో ఇలాగే మనుషుల్ని ఎత్తుకుపోయారు, దొంగల్లారా!" అని రాశాడు.

తిట్టూ ఉంది, సర్కారూ ఉంది. తీసేయడానికి వదిన సమ్మతి మీట నొక్కింది, నేనూ నొక్కాను. గడ్డం నెల పాటు బయటికి, అతని అభ్యంతరం చెత్తబుట్టలోకి. వారం గడిచాక మార్పు కలిసిపోయింది. కొన్నాళ్లకు అది వదిన కూర్చునే కౌంటరులోకీ వచ్చింది.

బట్టలు కుట్టే ఒకావిడ ఆ లైబ్రరీకి తరచూ వస్తుంది. ఒక మధ్యాహ్నం ఆమె భర్త వచ్చి చేతులు జోడించాడు.

"మా ఆవిడ ఏం పుస్తకాలు తీసుకెళ్తోందో కాస్త చూసి చెప్తారా అమ్మా? శ్రమ అనుకోకండి."

పాత రోజుల్లో అయితే వదిన ఉన్న మాటే చెప్పేది, మిషన్లో ఉండదండీ అని. ఇప్పుడు తెర మీద అన్నీ వరసగా ఉన్నాయి. పైనున్న మూడూ విడాకుల చట్టం మీదే.

"కనిపించదండీ," అంది వదిన.

"పర్లేదమ్మా. రేపు ఇంకొకర్ని అడుగుతాను లెండి."

ఆ సాయంత్రం వదిన ఇంటికి రాలేదు. నన్నే లైబ్రరీకి పిలిపించింది. ముందు ఆ కౌంటరులో సాఫ్ట్‌వేరు పాత రూపం పెట్టి, పేర్లన్నీ చెరిపేశాం.

"ఎంత మర్యాదగా అడిగాడో తెలుసా మరిదీ? ఒక్క మాటా తప్పు పట్టలేం."

అక్కడే కూర్చుని, ఆ మార్పును వెనక్కి తీసేయాలని వేదికలో రాసింది. కారణం దగ్గర గడ్డం మాటలే, దొంగల్లారా అన్నదాంతో సహా, కింద తన పేరుతో. నియమం తప్పారు వదినా అని ఎవరో వెంటనే గుర్తుచేశారు. ఆమె తన మాట తీసేయడానికి తనే సమ్మతి మీట నొక్కింది.

"నియమం నేను పెట్టిందే. నా వంతు అయిపోయింది. ఇక నీ ఇష్టం."

నేను నొక్కలేదు. అభ్యంతరం నిలబడింది, మార్పును వెనక్కి తీశాం. ఆ శాఖ మాత్రం అప్పటికే తన ప్రతి తాను పట్టుకుపోయింది. అందరిదీ అని మేమే అన్నాక ఆపేదెవరు?

గడ్డం నిషేధం ఎప్పుడో తీరిపోయింది. అతను రాలేదు. వదిన క్షమాపణ చెప్పి, రమ్మని బతిమాలుతూ రాసింది. చాలా రోజులకు జవాబొచ్చింది.

"నమస్కారం వదినా. తీరిక లేదు, మన్నించండి. మా ఊరి సంగతులు రాయాలని ఉంది గానీ, అక్కడ రాజకీయాలు వద్దన్నారు కదా."

అందులో తీసేయాల్సిన మాట ఒక్కటీ లేదు.