మా తోట, మన తోట

విస్సన్నపేట నుంచి చాట్రాయి పోయే దారిలో ముప్పై ఎకరాల చిన్నరసాల మామిడితోట ఒకటుంది. తోట జగన్మోహనరావు గారిది. కానీ సుబ్బారావు నోట అది ఏనాడూ ఆయనది కాలేదు. టీ బడ్డీ శౌరి ఫోన్ చేసి "ఎక్కడున్నావు బాబాయ్" అంటే చాలు, "మా తోటలో ఉన్నా" అనేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ కాయ కోస్తున్న మనిషి. తనకంటూ సెంటు భూమి లేదు. అయినా ఏ చెట్టు ఏ ఏడు విరగకాసిందో, ఏ ఏడు మొండికేసిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అలాంటివాడు మా తోట అంటే తప్పు పట్టేదెవరు? జగన్మోహనరావు గారే విని నవ్వి ఊరుకునేవారు.

సుబ్బారావు చేతిలో ఒక విద్య ఉంది. కాయ తొడిమ తుంచి, ముచ్చిక దగ్గర సొన ఎలా వస్తుందో చూస్తాడు. చిమ్మితే పది రోజులకు పండే కాయ. కారితే వారం. బొట్టుగా నిలబడిపోతే నాలుగు రోజుల్లో పండుతుంది. అలా చూసి మూడు కుప్పలు పోస్తాడు. ఏ కుప్పకా కుప్ప ఒకేసారి ముగ్గుతుంది, గంపలో ఒక్క కాయ కుళ్ళదు. ఎవరూ నేర్పింది కాదు. సొన పడీ పడీ వేళ్ళు నల్లబడి, ఒకసారి కంట్లో పడి వారం రోజులు కన్ను తెరవలేక, తనంతట తాను పట్టుకున్న సంగతి. కోత ముఠాలో వాళ్ళు ఆయన్ని "సొన డాక్టరు" అని ఆటపట్టించేవాళ్ళు.

ఆయన కూతురు భవాని హార్టికల్చర్ చదివింది. పై చదువుకి స్పెయిన్ దేశంలో, గ్రెనడా అనే ఊళ్ళో స్కాలర్‌షిప్పుతో సీటొచ్చింది. వెళ్ళే ముందు తోటలో తండ్రి పక్కన కూర్చుని, "నాన్నా, అక్కడ నేను రాసే పుస్తకం నీ సొన గురించే. నీ పేరు అచ్చులో చూపిస్తా, చూడు" అంది. సుబ్బారావు ఆ సాయంత్రమే శౌరి బడ్డీ దగ్గర నలుగురికి చెప్పాడు. వారం తిరిగేసరికి ఆ నలుగురూ నలభై మంది అయ్యారు. ఇక ఆ పేరు అచ్చు కాకపోతే తండ్రి తలెత్తుకోలేడని భవానికి తెలుసు.

అదే కోర్సుకి జగన్మోహనరావు గారమ్మాయి కీర్తిప్రియ కూడా వెళ్ళింది. ఊళ్ళో భవాని ఆమెని కీర్తిగారు అనేది. వాళ్ళింటికి వెళితే వసారా దాటేది కాదు. దాటొద్దని ఎవరూ అనలేదు, లోపలికి రమ్మనీ ఎవరూ అనలేదు. గ్రెనడాలో ఇద్దరిదీ ఒకే గది. మొదటి రోజే కీర్తి పెట్టెలోంచి ఆవకాయ సీసా తీసి, ఒకే పళ్ళెంలో అన్నం కలిపి, "గారూ గీరూ అన్నావంటే తంతాను. ఇక్కడ మనిద్దరమేనే మనవాళ్ళం" అంది.

మన! ఆ మాట భవాని ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో నేను చెప్పలేను. మన ఊరు, మన ఎండలు, మన తోట. కీర్తి నోరు విప్పితే మన. భవాని కూడా నెల తిరక్కుండానే కీర్తీ అని పిలవడం, నువ్వు అనడం నేర్చుకుంది. మొదటిసారి నువ్వు అన్న రోజు చెవులు కాలాయట.

ఇద్దరూ తిరగని చోటు లేదు. గ్రెనడాలో కొండమీద అల్‌హంబ్రా అనే ఎర్రకోట ఉంది. అందులో గోడల నిండా ముగ్గుపిండితో వేసినంత సన్నటి చెక్కడాలు. భవాని తలెత్తి చూసీ చూసీ మెడ పట్టేసింది. సెలవుల్లో పోర్చుగల్ వెళ్ళి లిస్బన్‌లో పసుపుపచ్చ ట్రాములెక్కారు. అవి మలుపు తిరిగేటప్పుడు వాకిట్లో నిలబడ్డ ముసలమ్మ గౌను అంచు తగులుతుందేమోనని భవాని కాళ్ళు దగ్గరికి లాక్కునేది. ఎన్ని వందల ఫోటోలో. వాటిలో భవాని కనిపించేవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మొహం కీర్తిది, నొక్కిన వేలు భవానిది. నాకైతే అప్పుడే ఒళ్ళు మండేది. భవానికి మండలేదు, ఆ పిల్ల అంత మెత్తన.

ఆ దేశంలో దక్షిణాన, సముద్రం పక్క కొండవాలులో మామిడితోటలున్నాయి. చెట్టుకింద నిలబడితే కొమ్మల సందుల్లోంచి నీలంగా సముద్రం కనబడుతుంది. కాయ అక్టోబరులో వస్తుంది. మార్టిన్ అనే ప్రొఫెసరు క్లాసు మొత్తాన్ని అక్కడికి తీసుకెళ్ళాడు. భవాని ఆగలేకపోయింది. కాయలు కోసి, తొడిమలు తుంచి, సొన చూసి, తండ్రిలాగే మూడు కుప్పలు పోసింది. ఏది ఎన్నాళ్ళకు పండుతుందో కుప్పకొక చీటీ రాసి పెట్టింది. మార్టిన్ సారు వాటిని ల్యాబుకి తెచ్చి పది రోజులు చూశాడు. ఒక్క రోజు తేడా రాలేదు.

"ఈ పద్ధతి ఎవరిది?" అని అడిగాడు క్లాసులో.

భవాని ఇంగ్లీషు ముక్కలు కూడదీసుకునేలోపు కీర్తి లేచింది. "అవర్ మెథడ్ సర్. ఫ్రమ్ అవర్ ఆర్చర్డ్."

మన పద్ధతి, మన తోట అని భవాని చెవిన పడింది. గుండె నిండిపోయి అందరికంటే ముందు తనే చప్పట్లు కొట్టింది. ఆ భాష ఖర్మ ఏమిటంటే, మా అన్నా మన అన్నా వాళ్ళకు ఒక్కటే మాట, అవర్. వినేవాళ్ళు తమకు కావలసిందే వింటారు. మార్టిన్ సారు ఒకటి విన్నాడు, భవాని ఇంకొకటి వింది. కీర్తి ఏది అందో కీర్తికే తెలుసు.

ఇద్దర్నీ కలిసి దానిమీదే పుస్తకం రాయమన్నాడు సారు. రాత కీర్తిది. కాయ కోయడం, సొన కొలవడం, పండేదాకా కాపలా కాయడం భవానిది. ఆ పిల్ల వేళ్ళు కూడా తండ్రి వేళ్ళలాగే నల్లబడ్డాయి. "నాన్న పేరు ఎక్కడ పెట్టావే?" అని అడిగినప్పుడల్లా, "మొదటి పేజీలోనేనే. మన నాన్నే కదా" అనేది కీర్తి.

పుస్తకం పంపాల్సిన వారం వచ్చింది. కీర్తి పారిస్ టికెట్ తెచ్చి భవాని చేతిలో పెట్టింది. "మిగతా అమ్మాయిలు వెళ్తున్నారు, నువ్వూ వెళ్ళిరా. ఐఫిల్ టవర్ చూడకుండా ఇంటికెళ్తే మనూళ్ళో నవ్వుతారే. చివరి పేజీలు నేను చూసుకుంటాగా" అంది. భవాని ఆమెను కావిలించుకుని ఏడ్చేసింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కదండీ. కోస్తున్నట్టు కోయించుకునేవాళ్ళకు తెలియదు.

పారిస్‌లో లిఫ్టు ఎక్కకుండా మెట్లెక్కి, రొప్పుతూ రెండో అంతస్తు నుంచి తండ్రికి వీడియో కాల్ చేసింది. సుబ్బారావు ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటమ్మా, మన సబ్‌స్టేషను టవరులా ఉంది?"

"దీన్ని చూడ్డానికి ప్రపంచమంతా వస్తారు నాన్నా."

"బాగుందిలే. ఇంతకీ నా పేరు రాశావా?"

"కీర్తి రాస్తోంది నాన్నా. ఈపాటికి రాసేసుంటుంది."

తిరిగొచ్చేసరికి పుస్తకం వెళ్ళిపోయింది. చదివి చూసుకోలేదా అంటారేమో, చదివింది. పైన ఇద్దరి పేర్లూ ఉన్నాయి. లోపల సొన పద్ధతి దగ్గర అవర్ ఫ్యామిలీ అని ఉంది. సుబ్బారావు అన్న పేరు ఎక్కడా లేదు. అడిగితే, "పనివాళ్ళ పేర్లు పెట్టకూడదంట, ఇక్కడ రూలు. ఊరెళ్ళాక మన తెలుగులోనే ఇంతింత అక్షరాలతో వేయిద్దాం" అంది కీర్తి. పనివాళ్ళు అన్న మాట ఒక్క క్షణం గుచ్చుకుంది. ఆ వెనకే మన అన్న మాట వచ్చి ముల్లు తీసేసింది.

కీర్తి ఒక నెల ముందు ఊరొచ్చేసింది. భవాని మే నెలలో, కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు దిగింది. మర్నాడు పొద్దున్నే సుబ్బారావు ఉతికిన చొక్కా వేసుకుని బండి తీశాడు. "మా తోట గేటు దగ్గర బోర్డు పెట్టారంటమ్మా, సొన గురించేనంట. నువ్వొచ్చాక కలిసి చూద్దామని నేనింకా అటు పోలేదు, పనికి వెనక దారిన పోతున్నా" అన్నాడు.

బోర్డు పెద్దదే. ఇంతింత అక్షరాలే. ఒకవైపు జగన్మోహనరావు గారి ఫోటో, రెండోవైపు సముద్రం పక్క తోటలో మామిడికాయ పట్టుకుని నవ్వుతున్న కీర్తిప్రియ. ఆ ఫోటో తీసింది భవానే. మధ్యలో రాత: "మా తాతల నాటి సొన పద్ధతి. మా కుటుంబం కనిపెట్టింది. మా తోటలో పుట్టి యూరప్ మెచ్చింది."

తెలుగు కదా, దాగడానికి చోటు లేదు. మా అనో మన అనో ఏదో ఒకటి రాయాల్సిందే. రాశారు. మా, మా, మా. భవానికి రెండేళ్ళుగా తిన్న ఆవకాయ అన్నం, ఎక్కిన ట్రాములు, ఆ పారిస్ మెట్లు అన్నీ ఒక్కసారే చేదయ్యాయి.

సుబ్బారావు అయిదో తరగతి చదివాడు. పెదవులు కదుపుతూ, కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. తర్వాత నెమ్మదిగా బోర్డు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాడు. వెనక ఉత్త ఇనుపరేకు.

"రెండోవైపు రాయించారేమో అనుకున్నానమ్మా" అన్నాడు.

అప్పుడే కారు దిగిన కీర్తి వాళ్ళని చూసి దగ్గరికొచ్చింది. "ఎప్పుడొచ్చావే? బోర్డు బాగుందా?"

"నాన్న పేరేది కీర్తీ?" అంది భవాని.

కీర్తి అటూ ఇటూ చూసింది. గేటు దగ్గర కూలీలున్నారు. "తోట మాది కదా భవానీ. సుబ్బారావు మా దగ్గర పనిచేస్తాడు, నేర్చుకుంది మా చెట్ల మీదే. స్పెయిన్‌లో అందరి ముందూ అదే చెప్పాగా. నువ్వు చప్పట్లు కూడా కొట్టావు."

తండ్రి వయసు మనిషిని, మన నాన్న అన్న మనిషిని, ఆయన ఎదురుగానే సుబ్బారావు అంది. భవాని ఒక్క అడుగు వెనక్కి జరిగింది.  

"అప్పుడు నాకు సరిగ్గా వినబడలేదండీ" అంది.

అండీ అన్నందుకు కీర్తి మొహం ఒక్క క్షణం ఎర్రబడింది. ఆ తర్వాత ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికి పోదాం రమ్మంది భవాని. కాయ చెట్టుమీదుండగా ఎలా పోతామమ్మా అని సుబ్బారావు ఉతికిన చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, కాయ కోసే చిక్కం కర్ర అందుకున్నాడు. భవాని కింద గోనెపట్టా పరిచి నిలబడింది. పది కాయలు కోశాడో లేదో ఫోన్ మోగింది. ఆయన చేతులు ఖాళీ లేవని భవానే తీసి తండ్రి చెవి దగ్గర పెట్టింది. శౌరి గొంతు ఆమెకీ వినిపించింది.

"బోర్డు పెట్టారంటగా బాబాయ్, నీ పేరు చూడ్డానికి మేమంతా బయల్దేరుతున్నాం. ఎక్కడున్నావు?"

సుబ్బారావు నోరు అలవాటుగా తెరుచుకుని, ఆగింది.

"జగన్మోహనరావు గారి తోటలో ఉన్నానయ్యా" అన్నాడు.