గుర్రం కంటే ముందు మామయ్య ముక్కు

మా మామయ్య దేన్నయినా ముందు వాసన చూస్తాడు. కళ్ళతో చూడటం ఆ తర్వాతే. ఎవరైనా ఎదురుపడితే చెయ్యి కలుపుతూనే కాస్త ముందుకు వంగి, "కోటు పెట్టెలోంచి తీశారా? ఓసారి ఎండలో వెయ్యాల్సింది" అంటాడు. వృత్తికి గుర్రాల డాక్టరు. ఊళ్ళో అందరికీ మాత్రం ముక్కు డాక్టరు.

ఆయన వెతుకులాటంతా బూజు కోసమే. గ్రంథాలయంలో పుస్తకం చేతికొస్తే మధ్యకి తెరిచి ముక్కు పెడతాడు. "అందులో ఏముంది మామయ్యా?" అంటే "చెమ్మ" అంటాడు. నేను స్నానం చేసి తల తుడుచుకుంటుంటే తువ్వాలు లాక్కుని, "ఇది నిన్న సరిగ్గా ఆరలేదురా" అని తీసుకెళ్ళి ఆరేసి వస్తాడు. అంతసేపూ నేను నీళ్ళోడుతూ నిలబడాలి.

నాకు పెళ్ళి కుదిరాక అత్తవారింటికి మొదటిసారి వెళ్ళాం. "మామయ్యా, ఇవాళొక్కరోజు ముక్కు ఇంట్లో పెట్టి రా" అని బతిమాలాను. సరేనన్నాడు. కాసేపు బుద్ధిగానే కూర్చున్నాడు. కాబోయే అత్తగారు కాఫీ తెచ్చేసరికి కుర్చీలో మనిషి లేడు. చూస్తే తల బీరువా వెనక దూరి ఉంది. "ఈ గోడలో నీళ్ళ గొట్టం కారుతోందండీ" అంటున్నాడు. అందరూ నా వంక చూశారు. మర్నాడు మేస్త్రీ వచ్చి గోడ పగలగొడితే గొట్టం నిజంగానే కారుతోంది. అందుకే నా పెళ్ళి చెడలేదు.

"మీరు వాసన చూడకుండా మింగేవి నా తిట్లొక్కటే" అని మామయ్యని దెప్పేది అత్తయ్య.

గుర్రపుశాలకి వెళ్తే ఇక ఆయన్ని పట్టలేం. ఎండుగడ్డి మోపు కనబడితే చాలు, చేతులతో చీల్చి ముఖమంతా అందులో పెట్టేస్తాడు. తుమ్మితే ఆ మోపు పక్కన పారేయిస్తాడు.

ఊరి చివర స్వారీబడిలో గుర్రాల్ని చూసుకునే మాస్టారు ఉండేవారు. అక్కడి ముసలి ఆడగుర్రం ఆయనకి పంచప్రాణాలు. దాన్ని "అమ్మాయి" అని పిలిచేవారు. ఒక వానాకాలం ఆ అమ్మాయికి దగ్గు పట్టుకుంది. జలుబనుకుని మాస్టారు ఒక కిటికీ మూశారు. దగ్గు పెరిగింది. ఇంకో కిటికీ మూశారు. ఇంకా పెరిగింది. తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కి, కింద ఎండుగడ్డి మెత్తగా పరిచారు. దగ్గు పెరిగేకొద్దీ ప్రేమ, ప్రేమ పెరిగేకొద్దీ దగ్గు. బడి యజమాని విసిగిపోయి, "నెలాఖరుకి తగ్గకపోతే దాన్ని పంపించేస్తా" అన్నాడు. ఎక్కడికని అడిగే ధైర్యం మాస్టారికి లేకపోయింది.

మామయ్యని స్కూటరు మీద నేనే తీసుకెళ్ళాను. ఆయన గుర్రం డొక్కకి చెవి ఆనించి విన్నాడు, జ్వరం చూశాడు, గడ్డి పరుపు వాసన చూసి తుమ్మాడు.

"జ్వరం లేదు, ఇది జలుబు కాదు. గడ్డిలో బూజు. ఆ పొడి లోపలికి పోగానే దీని ఒంట్లో కాపలావాళ్ళు దొంగలొచ్చారని హడలిపోయి ఊపిరి గొట్టాలన్నీ బిగించేస్తున్నారు. మీరేమో బయట తలుపులు బిగిస్తున్నారు. మధ్యలో గాలి ఎటు పోవాలి మాస్టారూ?"

"మందివ్వండి."

"ఇస్తాను. కానీ ఈ బూజే పీలుస్తూ ఉంటే మందు చిల్లుకుండలో పోసినట్టే. ఆరుబయట కట్టండి. గడ్డి మంచిది చూసి, తడిపి పెట్టండి."

"ఈ చలిగాలిలోనా! మీరు డాక్టరా, పగవాడా? అమ్మాయి చచ్చిపోదూ!" మాస్టారు గుర్రానికి అడ్డంగా నిలబడిపోయారు.

మామయ్య గడ్డం గోక్కున్నాడు. "సరే, మూసే ఉంచండి. నేనూ దీంతోపాటు లోపలే కూర్చుంటా" అని ఒక స్టూలు వేసుక్కూర్చున్నాడు. మాస్టారూ నేనూ బయటికొచ్చి తలుపు సందులోంచి చూస్తున్నాం.

గుర్రం దగ్గితే మామయ్య తుమ్మాడు. మామయ్య తుమ్మితే గుర్రం దగ్గింది. ఇద్దరూ కష్టసుఖాలు చెప్పుకుంటున్నట్టుంది. నాకు నవ్వాగలేదు. ఇంతలో మామయ్య కళ్ళు వాచాయి, ముఖం కందిపోయింది, ఊపిరి ఈలలా కూయసాగింది. నాకు భయమేసింది. నాకంటే ముందే మాస్టారు గోనెసంచులు పీకి పారేసి, లోపలికి ఉరికి, ఆయన్ని చంకల కింద పట్టుకుని బయటికి లాక్కొచ్చారు.

"అక్కడే కూర్చుని చస్తారా ఏమిటి! పీల్చండి, గాలి పీల్చండి!"

మామయ్య జేబులోంచి ఇన్‌హేలరు తీసి పీల్చుకున్నాడు. అది ఆయన జేబులో ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. కాసేపటికి మాటొచ్చింది.

"చలేస్తోంది గానీ, హాయిగా ఉంది మాస్టారూ. ఇక అమ్మాయిని కూడా తీసుకురండి."

మాస్టారు లోపలికెళ్ళి గుర్రాన్ని బయటికి నడిపించుకొచ్చారు.

ఇంటికెళ్ళాక అత్తయ్య నా మీద విరుచుకుపడింది. మామయ్యకి చిన్నప్పటినుంచీ బూజు పడదట. గుర్రపుశాలల దరిదాపులకి పోవద్దని డాక్టరు చెప్పి చెప్పి అలిసిపోయాడట.

"మరి మోపుల్లో ముఖం పెడతావేం మామయ్యా?"

"కాస్త బూజున్నా నాకు తుమ్మొస్తుందిరా. గుర్రం పీల్చి దగ్గేదాకా ఆగడమెందుకు? నాకైతే జేబులో మందుంది. దానికి జేబే లేదు కదా."

అత్తయ్య ఇంకా తిట్టబోయి, లేచి వేడినీళ్ళు పెట్టడానికి వెళ్ళింది. ఈ మనిషిని చూసి ఇన్నేళ్ళు నవ్వానా అని నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ ముంచుకొచ్చింది.

నెలాఖరుకి దగ్గు తగ్గింది. యజమాని పంపించే మాట మళ్ళీ ఎత్తలేదు. ఈసారి మేం వెళ్ళేసరికి మాస్టారు కంచె దగ్గరే మామయ్యని ఆపేశారు.

"మీరక్కడే ఉండండి డాక్టరుగారూ. ఇకమీదట ముక్కు పని నాది." మోపు చీల్చి తన ముఖం పెట్టారు.

"ఏం వాసనొస్తోంది?" మామయ్య కంచె మీంచి మెడ సాచాడు.

"గడ్డి వాసన."

"సరిగ్గా చూడండి. పోనీ కొంచెం ఇటు తెండి, ఒక్కసారి..."

"కుదరదన్నానా!"

వాళ్ళ తగువు తేలేదాకా అమ్మాయి ఆగలేదు. కంచె మీంచి తల వంచి, మామయ్య భుజానికి ముక్కు రాసి రాసి చొక్కా అంతా తడిపేసింది. మార్చుకోమంటే వినకుండా ఆయన ఆ చొక్కాతోనే స్కూటరెక్కి, ఇంటిదాకా నా వీపుకి ఆనుకుని కూర్చున్నాడు.