మంచం మీది ఆట

మా బావమరిదిని ఆటల పిచ్చే పొట్టన పెట్టుకుందని బంధువుల్లో చెప్పుకొచ్చింది నేనే. అది అబద్ధం. అతను ల్యాప్‌టాప్ కొనేనాటికే మూత్రపిండాలు రెండూ చెడిపోయి ఉన్నాయి.

"ఆటలకు ల్యాప్‌టాప్ ఏందిరా? ఊరికే కాగుతాది. అదే డబ్బుకు పెద్ద కంప్యూటర్ వస్తాది, పాడైతే ముక్క మార్చుకోవచ్చు" అన్నాను.

"నిజమే బావా. కానీ దాన్ని మంచం మీదికి ఎట్ల ఎక్కిచ్చుకునేది? కరెంటు పోయినా ఇది నడుస్తాది. అది నీ మాదిరి మొగం మాడ్చుకుంటాది" అని నవ్వాడు.

కల్లూరు ఎండలకు ల్యాప్‌టాప్ నిజంగానే కాగేది. దాన్ని నాపరాయి ముక్క మీద పెట్టుకుని కారు పందేలు ఆడేవాడు. మధ్యలో ఆపి, పసిపిల్లల నుదురు చూసినట్టు దాని అడుగున చెయ్యి ఆనించేవాడు. "జరమొచ్చింది బావా, రోంతసేపు పండుకోనీ" అనేవాడు. తన ఒంటి సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. ఆడుతున్నంతసేపూ నొప్పి గుర్తురాదని వాళ్లక్కతో ఒక్కసారి అన్నాడట.

చివరిసారి కర్నూలు ఆసుపత్రిలో చేర్చినప్పుడు ల్యాప్‌టాప్ తెమ్మన్నాడు. ఆట మానితేనే కోలుకుంటాడని నా మొండి నమ్మకం. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, రిపేరుకిచ్చానని చెప్పాను. మరునాడు మళ్లీ అడిగాడు.

"షాపు చుట్టూ తిరుగుతానే ఉండాను, ఇంకా కాలేదప్పా" అన్నాను.

అతను చెమటకు తడిసిన నా చొక్కా వైపు చూశాడు.

"పోనీలే బావా, దానికోసం ఇంక తిరగొద్దు. బయట ఎండ శానా ఉండాది" అన్నాడు.