మొప్ప ఎత్తి చూసిన అయిదు సెకన్లు

సోనేపూర్ బస్సులో కూర్చుని, జపాన్ చేపల మార్కెట్ వీడియోని మూడోసారి ఎడిట్ చేస్తున్నాను. ప్రాణం లేదని రెండుసార్లు తిప్పిపంపిన జపాన్ ఆసామి, ఈసారీ నచ్చకపోతే పని వేరేవాళ్లకిస్తానన్నాడు. పక్కసీట్లో ఖాళీ గంపతో ఉన్న చేపలమ్మే మామ్మ నా లాప్‌టాప్‌లోకి తొంగిచూసింది.

“ఏటి బాబూ, మొప్ప ఎత్తి సూడకుండానే సేప కొనీసినాడు? ఆడికి బేరం సేతకాదేటి?”

నిజానికి వీడియోలో కొనేవాడు తాజాదో కాదో మొప్ప ఎత్తి చూశాడు. సాగదీతగా ఉందని ఆ అయిదు సెకన్లూ నేనే కత్తిరించాను. మా ఊరి బడా బజార్‌లో కొట్ల మధ్య పెరిగి, పది వంకాయలు నొక్కి ఒకటి కొనేవాణ్ణి, నాకే అది తట్టలేదు!

ఆ ముక్క తిరిగి అతికించి, మామ్మకి చూపించి, అక్కడినుంచే పంపాను. బస్సు దిగేలోపే ‘చాలా బాగుంది’ అని జవాబొచ్చింది. ఆనందం పట్టలేక చెప్పాను.

మామ్మ కొంచెమైనా ఆశ్చర్యపోలేదు.

“నచ్చదేటి మరి? మొప్ప అంత ఎర్రగున్నాది కదా!”