మిరపకాయ మీద పడ్డ నింద

మంగళగిరిలో మేముండే అపార్టుమెంటులో కింది ఇంటివాళ్ళు అప్పుడప్పుడూ ఎండుమిరపకాయలు వేయించి కారం కొడుతుంటారు. ఆ ఘాటు మెట్లెక్కి మా తలుపు సందుల్లోంచి దూరగానే మా ఆయన కిటికీలు మూయడానికి పరుగెడతాడు. నాకు దగ్గు అందుకుంటుంది, కళ్ళు మండుతాయి, అయినా లేవబుద్ధి కాదు. ఆ ఘాటు వెంట మా ఊరి మిరప కళ్ళం వస్తుంది, ఆ కళ్ళంలో తలకూ ముక్కుకూ తువ్వాలు చుట్టుకుని కూర్చున్న మా కోటమ్మత్త వస్తుంది.

అత్త మా నాన్నకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తల్లి లేని తమ్ముణ్ణి తనే పెంచి, తర్వాత నన్నూ పెంచింది. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో మా ఊరి చుట్టూ నేల రంగు కనపడేది కాదు, ఎటు చూసినా ఎరుపే. కోసిన కాయను కళ్ళంలో పలచగా ఆరబోసి, పొద్దెక్కాక తిరగేసి, మంచుకు తడవకుండా సాయంత్రానికి కుప్పచేసి పట్టాలు కప్పేవాళ్ళు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయ ఏరి పక్కన పోస్తూ, తొడిమలు తుంచుతూ, ఊళ్ళో అందరి సంగతులూ తిరగేస్తుండేవాళ్ళు. ఆ కుప్పల చాటున మేం దాగుడుమూతలాడితే దొంగ వెతకాల్సిన పనే ఉండేది కాదు, దాక్కున్నవాళ్ళ తుమ్మే వాళ్ళను పట్టించేది. పని ముగిశాక మండే చేతులకు అందరూ వెన్నపూస రాసుకుంటే మా అత్త మాత్రం ఆముదం రాసుకునేది.

ఆమెకు పుట్టినప్పటి నుంచీ పాలు పడవు. చుక్క నోట్లో పడితే చాలు పెదాలు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. అందుకని ఆమె కంచం వేరు, గిన్నె వేరు. ఉగాదికి ఆమె బొబ్బట్లు నూనెతో కాల్చేవాళ్ళు, పాయసం కొబ్బరిపాలతో కాచేవాళ్ళు, ఆ కొబ్బరిపాల పాయసం కోసం నేను ఆమె పక్కనే విస్తరి వేయించుకునేదాన్ని. “నువ్వుండబట్టి మన గేదెకు మర్యాద లేకుండా పోయింది వదినా” అని అమ్మ ఏడిపించేది. “పోవే, దాని మర్యాద నీకే ఉండనీ” అనేది అత్త నవ్వుతూ.

ఆ నవ్వు మధ్యలో దగ్గు రావడం ఎప్పుడు మొదలైందో ఎవరం గమనించలేదు. ఏళ్ళ తరబడి పీల్చిన కారం ధూళి, పొయ్యి పొగ ఆమె ఛాతీలో గూడు కట్టుకున్నాయి. కళ్ళం నుంచి ఇంటికి రావడానికి దారిలో రెండు మూడు చోట్ల కూలబడేది. నాన్న ఆమెను గుంటూరు తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఊపిరి గొట్టాలు ఇరుకైపోయాయని, జబ్బు పూర్తిగా పోదు గానీ పీల్చే మందుతో ఆయాసం అదుపులో ఉంటుందని డాక్టరు చెప్పి, “మందులేమైనా పడవా?” అని అడిగాడు. “ఏ మందైనా పడుద్దండీ” అన్నాడు నాన్న ధీమాగా. పాల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పాలు మందు కాదు కదా. అరచేతిలో పట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టం, గుళికలున్న డబ్బా ఇచ్చారు. గుళికను గొట్టంలో పెట్టి తిప్పితే అది చీలుతుంది, నోట పెట్టుకుని గట్టిగా పీలిస్తే లోపలి తెల్లపొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మొదట్లో కాస్త తెరిపిగానే ఉండేది. కానీ పీల్చిన కాసేపటికి గొంతులో దురదగా ఉందనేది, మెడ మీద ఎర్రగా దద్దుర్లు తేలేవి. “కాయ పట్టిన చేత్తో గోక్కునుంటావు వదినా” అంది అమ్మ. మా వైపు ఏది వచ్చినా నేరం మిరపకాయదే. కన్ను ఎర్రబడినా, కడుపు మండినా, పసిబిడ్డ ఊరికే ఏడ్చినా అందరి చూపూ కళ్ళం వైపే పోతుంది. అత్త కూడా అదే నమ్మి చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది.

ఆ రోజు మధ్యాహ్నం కొత్త డబ్బా తెరిచి, అరుగు మీద కూర్చుని మందు పీల్చింది. పక్క కళ్ళంలో కాయ తిరగేస్తున్నారు, గాలి మా వైపే ఉంది. చూస్తుండగానే అత్త పెదాలు ఉబ్బాయి, కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి తీస్తే పిల్లి కూన అరిచినట్టు సన్నగా కూత వచ్చింది. “ఆపండ్రా ఆ కాయ తిరగెయ్యటం, మా అక్క సచ్చిపోతంది!” అని నాన్న గోడ మీదుగా అరిచి, ఇంకో గుళిక గొట్టంలో పెట్టాడు. అత్త వద్దన్నట్టు తల ఊపింది. “నా మాట ఇనక్కా, ఇంకోసారి పీల్చు, గాలాడుద్ది” అని బతిమాలుతూ గొట్టం ఆమె నోటికి ఆనించాడు. తమ్ముడి మాట ఎప్పుడూ కాదనని మనిషి, ఉన్న కాస్త శక్తీ కూడదీసుకుని పీల్చింది. ఆటో వచ్చేసరికి ఆమె ఒళ్ళు నాన్న చేతుల్లో వాలిపోయింది. నేను స్తంభాన్ని పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను, నన్నెవరూ ఎత్తుకోలేదు. ఎత్తుకునే మనిషే అక్కడ పడుంది.

ఆ ఏడాదితో నాన్న మిరప తోట వేయడం మానేశాడు. నల్లరేగడి చేనంతా పత్తి పెట్టాడు. కళ్ళంలో కంపచెట్లు మొలిచాయి, తొడిమలు తీసే ఆడవాళ్ళు వేరే కళ్ళాలకు పోయారు, మా ఇంట్లో కొబ్బరిపాలతో పాయసం కాచేవాళ్ళు లేరు. నాన్న కంచంలో ఎండుకారం కనపడితే ఇప్పటికీ పక్కకు నెట్టేస్తాడు.

ఈమధ్య నాకే ఆయాసం మొదలై ఆసుపత్రికి వెళితే, డాక్టరమ్మ మందు రాయబోతూ, “పాలు, పెరుగు పడతాయా?” అని అడిగింది. పడతాయన్నాను. పీల్చే మందుకు పాలతో ఏం పనని అడిగాను. ఇలాంటి పొడి మందుల్లో చాలావాటిలో పాలచక్కెర కలుపుతారని, దాంతో పాటు పాలలోని మాంసకృత్తులు ఏ కాస్తో మిగిలిపోవచ్చని, పాలు బొత్తిగా పడనివాళ్ళకు అదే ప్రాణం మీదికి తేవచ్చని చెప్పింది. అత్త సంగతంతా చెప్పాను. ఆమె చేతిలోని కలం పక్కన పెట్టింది. “ఇన్నేళ్ళ తర్వాత ఖాయంగా చెప్పలేమమ్మా. అదే అయ్యుండొచ్చు” అంది.

నిజం చెప్పాలనే ఊరెళ్ళాను. నాన్న అరుగు మీద కూర్చుని పత్తిలో చెత్త ఏరుతున్నాడు. వేళ్ళు వంకర్లు పోయాయి, చూపు ఆనడం లేదు.

“డాక్టరమ్మ ఏమందే?” అన్నాడు.

నేను ఆ వేళ్ళ వంకే చూస్తూ నిలబడ్డాను. రెండో గుళిక పెట్టింది ఆ వేళ్ళే.

“ఘాటు దగ్గరకి పోవద్దంది నాన్నా.”

“నే జెప్పలా? ఆ మాయదారి కాయే మా అక్కను పొట్టన పెట్టుకుంది.”

“అవును నాన్నా, ఆ కాయే” అన్నాను.