సర్దారు చదివిన రక్తం రిపోర్టు

తెల్లకణాలు అన్న మాట ఎవరి నోట విన్నా నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కణాల తప్పేమీ లేదు పాపం. ఆ మాట నాకు మొదట చెప్పిన మనిషి మీద కోపం అది. ఆయన పోయాడు గానీ కోపం పోలేదు.

అప్పట్లో మేం కలకత్తా ఖిదిర్‌పూర్‌లో ఓడరేవు కూలీల లైను ఇళ్లలో ఉండేవాళ్లం. మా ఆయనా, ఆయన అన్న మా బావా ఓడల్లో సరుకు దించే గ్యాంగులో పనిచేసేవారు. శ్రీకాకుళం నుంచి వాళ్లను తెచ్చి పనిలో పెట్టినవాడు సర్దారు, అంటే గ్యాంగు మేస్త్రీ. పనిలో పెట్టాడు కదా, ఇక అన్నిటికీ ఆయనే. పిల్లకు పేరు పెట్టాలన్నా సర్దారు, మొగుడూ పెళ్లాల తగువైనా సర్దారు, డాక్టరు రాసిన మందు మింగాలా వద్దా అన్నా సర్దారే. బంగ్లా, హిందీ గడగడా మాట్లాడతాడు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. మావాళ్లకు అంతే చాలు, దేవుణ్ణి చేసి కూర్చోబెట్టారు.

ఆ వానాకాలం మా ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. మొదట బొడ్డు చుట్టూ మొదలై తర్వాత కుడివైపు కిందకి దిగింది. జ్వరం, వాంతులు. వీధి చివరి బెంగాలీ డాక్టరు పొట్ట నొక్కి చూసి, రక్తం పరీక్ష రాసి, రిపోర్టు రాగానే తనకు చూపించమన్నాడు. మా బావ వెళ్లి రిపోర్టు తెచ్చాడు. డాక్టరుకు చూపించాడా? ఎందుకు చూపిస్తాడు! తిన్నగా సర్దారు దగ్గరకు పట్టుకుపోయాడు.

సర్దారు కళ్లజోడు సర్దుకుని చూశాడు. "తెల్లకణాలు పద్దెనిమిది వేలు. పదకొండు వేలు దాటకూడదని పక్కనే ఉంది. తెల్లవి ఎర్రవాటిని తినేస్తన్నాయి. మన గ్యాంగులో మొన్న సచ్చిపోనోడికీ ఇలాగే పెరిగినాయి. ఇది బ్లడ్ కేన్సరు" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? "డాక్టర్లని కత్తి పెట్టనిచ్చేరంటే ఆపరేషను బల్ల మీదే పోతాడు. ఊరు తీసుకుపోండి, తల్లి కళ్లముందు పోతాడు."

నా మొగుడు మంచం మీద మూలుగుతూనే ఉన్నాడు, లైన్లో ఆడవాళ్లు నా చుట్టూ చేరి ఏడుపు ఎత్తుకున్నారు. "ఓలమ్మా, ఇంత చిన్న వయసులో నీకేటే ఈ రాత" అని ఒకామె. లేచి బయటికి నడవమన్నాను.

మా బావ సాయంత్రం రైలుకని గుడ్డలు మూట కడుతున్నాడు.

"బావా, డాక్టరుకి చూపించేవేటి?"

"సర్దారు చూసినాడు కదే."

"సర్దారు బస్తాలు దింపిస్తాడు. రక్తం సంగతి ఆయనకేటి తెలుసు?"

"నోరు ముయ్. ఆడదానివి, నీకేటి తెలుసు?"

మా ఆయన గోడవైపు తిరిగి, "ఊరెళ్లిపోదామే" అన్నాడు. బావ మాటకన్నా ఈ మాటకే నాకు ఎక్కువ మండింది. మూటలోంచి రిపోర్టు లాక్కుని వానలో పరిగెత్తాను.

డాక్టరు ఒకసారి చూసి, మనిషెక్కడని అడిగాడు. ఊరు తీసుకుపోతున్నారన్నాను, బ్లడ్ కేన్సరని మా సర్దారు చెప్పాడన్నాను. బల్ల మీద గట్టిగా చరిచి బంగ్లాలో ఎడాపెడా తిట్టాడు. తిట్లన్నీ నేనే పడ్డాను. తిట్టడం అయ్యాక పెన్సిలుతో రిపోర్టు మీద చూపిస్తూ చెప్పాడు. ఒంట్లో ఎక్కడ చీము పడుతున్నా తెల్లకణాలు పెరుగుతాయట, అది వాటి పని. కేన్సరులోనూ పెరగొచ్చు, కానీ అప్పుడు ఎదగని పచ్చికణాలు కూడా కనిపిస్తాయి, ఇందులో అవి లేవు. ఉన్నవాటిలో నూటికి తొంభై, చీము మీదకు ముందుగా పోయే రకమే.

"అంకె ఒక్కటే చూసి రోగం పేరు నేను కూడా చెప్పను. పొట్ట నొక్కి చూశాను కదా, అది అపెండిక్సు. లోపల పగిలిందంటే పొట్టంతా చీమే. రైలెక్కించారో, ఊరు చేరడు" అన్నాడు. ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

నేను తిరిగొచ్చేసరికి సందు మొగలో టాక్సీ ఉంది. వెనకసీట్లో మా ఆయన ముడుచుకుపోయి ఉన్నాడు. పక్కన మూటతో బావ. బయట నిలబడి సర్దారు పురమాయిస్తున్నాడు. నేను ముందు తలుపు తీసుకుని డ్రైవరు పక్కన కూర్చున్నాను. "హాస్పిటల్ చలో భయ్యా" అన్నాను.

సర్దారు తలుపు పట్టుకున్నాడు. "దిగు."

"చెయ్యి తియ్యి. తియ్యకపోతే కొరికేస్తాను."

"పెద్దాయనతోనా ఆ మాటలు!" అని బావ వెనకనుంచి నా భుజం పట్టి లాగాడు. నేను తిరిగి ఆయన కాలరు పట్టుకున్నాను. "నీ తమ్ముడు పోతే తెల్లచీర నువ్వు కట్టుకుంటావా? చెప్పు, కట్టుకుంటావా?" లైనంతా చూసింది. చూస్తే చూడనీ! డ్రైవరు వెనక్కి తిరిగి మా ఆయన మొహం చూసి బండి తీశాడు.

ఆ సాయంత్రమే ఆపరేషను చేశారు. అప్పటికే చీము కారడం మొదలైందని, ఇంకాస్త ఆగితే చేతులెత్తేసేవాళ్లమని సర్జను చెప్పాడు. వరండాలో కూలబడి అప్పుడు ఏడ్చాను, అంతవరకూ ఏడవలేదు.

మా ఆయన లేచి కూర్చునే వేళకు బావ వచ్చి చూసి, తమ్ముడి చెవిలో ఏదో ఊది వెళ్లాడు. ఆయన వెళ్లాక నేను గ్లాసులో హార్లిక్స్ కలుపుతున్నాను.

"మా అన్న కాలరు పట్టుకున్నావటే."

"పట్టుకున్నాను."

"సర్దారుని కొరుకుతానన్నావట. ఎల్లి ఆయన కాళ్లమీద పడి తప్పయిపోనాదని చెప్పు. రేపు గ్యాంగులో నేను మొహమెలాగ చూపించాలి?"

గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"నువ్వు బతికున్నావు మావా" అన్నాను.

"అది సరేలే" అన్నాడు. "ముందు సర్దారు దగ్గరకెల్లు."