పచ్చని కుంట

రాచర్ల నుంచి గిద్దలూరు పోయే దారిలో ఎబినేజర్ ఆటోకు ఓ గొర్రెల కర్ర అడ్డం వచ్చింది. కర్ర వెనక ఓబులమ్మ. చంకలో సీసా, అందులో గోడకేసే రంగులాంటి చిక్కటి పచ్చనీళ్లు.

“ఏందత్తా, ఇంటికి రంగు కొడతాండావా?”

“నీ నోటికి కొట్టాల. మండలాఫీసుకు పోనీ.”

ఎబినేజర్‌కు ఆమె సంగతి తెలుసు. రోజుకు ఒకరినైనా నిలదీయనిదే ఆమెకు ముద్ద దిగదు. మనుషులకంటే ముందు గొర్రెలకు నీళ్లు చూస్తుంది. మనుషులైతే అడిగి తాగుతారట. పోయిన వారం కుంటలో తాగిన గొర్రె ఒకటి కొట్టుకుని కొట్టుకుని చచ్చింది. పశువుల డాక్టరు వచ్చి, “నీళ్లమీద ఇట్ల రంగు పోసినట్టు తేలితే విషపు నాచు కావచ్చు. మందను దూరంగా పెట్టు. ఆఫీసుకు చెప్పు, పరీక్షకు పంపుతారు” అన్నాడు. చిక్కేమిటంటే, ఆ మందకు తాగడానికి మరో నీళ్లు లేవు.

ఓబులమ్మ చెప్పింది. ఫోనులో, వీధి వీధికీ వినపడేలా: “సారూ, మా కుంట పచ్చగా ఉండాది!”

అక్కడే కొంప మునిగింది. తెలుగులో పచ్చదనానికి ఉన్న పలుకుబడి మంత్రులకు కూడా లేదు. సంసారం పచ్చగా ఉండాలి, చేను పచ్చగా ఉండాలి, పెళ్లిపందిరి పచ్చగా ఉండాలి. ఈ మర్యాద దక్కనిది ఒక్క పచ్చకామెర్లకే. ఆఫీసువాళ్లు మహా సంతోషంగా వచ్చి, కుంట ముందు ఫొటో దిగి, మొక్కలు నాటే పథకం కింద పైకి పంపి, మెప్పు కూడా పొందారు.

“ఈసారి విషమని చెప్పత్తా. పచ్చ మాట ఎత్తబాక.”

“ఎత్తన్లే.”

దారి పొడుగునా ఆమె ‘విషం, విషం’ అని వల్లె వేసింది. ఆటోలో పక్కన కూర్చున్నామె తన ఊరు రాకముందే దిగిపోయింది.

తమాషా చూద్దామని ఎబినేజర్ కూడా లోపలికి వెళ్లాడు. ఆఫీసులో, కుంట ముందు ఫొటో దిగిన ఆఫీసరు ప్రకాశరావు ఆమెను చూసి మొహమంతా నవ్వాడు. “పచ్చని కుంట పెద్దమ్మ గదా! రా, రా.”

 ఓబులమ్మ వల్లె వేసిన మాట పక్కనబెట్టి, సీసా మూత తీసి బల్లమీద పెట్టింది. కుళ్లు కంపు ఫైళ్లమీదుగా ఫ్యాను దాకా పోయింది.

“రెండు గుక్కలు తాగు నాయనా. నువ్వూ పచ్చగా ఉంటావు. నా గొర్రె గూడా ఇవే తాగి పోయింది.”

ప్రకాశరావు కుర్చీ తనంతట తానే వెనక్కి జరిగింది. మూత పెట్టించాడు, డాక్టరుకు ఫోను చేశాడు, సీసాను పరీక్షకు పంపమన్నాడు, కుంటలో ఎవరూ దిగకుండా, తాగకుండా బోర్డు కట్టమన్నాడు. మందకు ట్యాంకరు సాయంత్రానికల్లా వస్తుందన్నాడు.

సాయంత్రానికల్లా! సర్కారువారి సాయంత్రం ఏ రోజుదో ఎబినేజర్‌కూ తెలుసు.

“ట్యాంకరు ఇప్పుడు యాడ నిలబెట్టినారు?” అంది ఓబులమ్మ.

ప్రకాశరావు కిటికీలోంచి చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి దిగేలోపే ఆమె గడప దాటింది.

“అత్తా, ఇంటికి పోదాం రా!” ఎబినేజర్ హారన్ కొట్టాడు. ఆమె అటు తిరగనైనా లేదు. కర్ర ఊపుకుంటూ, తప్పిపోయిన గొర్రెను తోలుకురావడానికి పోతున్నట్టు, ట్యాంకరు వైపు నడిచి పోయింది.